ఆకారం తెలియని క్షణకాలపు గురుత్వ తరంగాలను లైగో డేటాలో వెతకడం: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సలహాలు కావాలి

వంశధార (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థినిని. కృష్ణబిలాలు ఢీకొనడం లాంటి ఘటనల్లో స్థలకాలంలో పుట్టే అలలే గురుత్వ తరంగాలు, వాటిని పట్టే అమెరికా డిటెక్టర్లు లైగో. జంట కృష్ణబిలాల విలీనాన్ని టెంప్లేట్లతో, అంటే ముందే లెక్కగట్టిన తరంగ నమూనాలతో, పోల్చి పట్టుకునే పద్ధతి మీద మా సీనియర్ ఒకరు ఇదివరకే ప్రాజెక్టు చేశారు. అందువల్ల నేను టెంప్లేటు లేని వెతుకులాటను, అంటే తరంగం ఏ ఆకారంలో వస్తుందో ముందుగా తెలియకపోయినా సెకనులోపు ముగిసిపోయే బర్స్ట్‌లను డిటెక్టర్ డేటాలో గుర్తించే పద్ధతిని తీసుకుందామనుకుంటున్నాను.

నా సందేహాలు ఇవి. పోల్చడానికి నమూనాయే లేనప్పుడు దేనిని చూసి ‘ఇది సంకేతం’ అంటారు? 2015 సెప్టెంబరు 14 నాటి మొదటి సంకేతాన్ని ముందుగా కనిపెట్టినది ఇలాంటి వెతుకులాటేనని చదివాను, అది నిజమేనా? ఇంట్లో ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌తో ఈ పని సాధ్యమవుతుందా?

గంటస్తంభం (విజయనగరం)

అమ్మా, నిజమే. ఆ సంకేతం మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలు దాటాక భూమిని చేరింది. మూడు నిమిషాలు తిరగకుండానే దానిని గుర్తించి చూపినది ‘కొహిరెంట్ వేవ్‌బర్స్ట్’ అనే ప్రోగ్రాము. కృష్ణబిలాలు ఎలా ఢీకొంటాయన్న లెక్క దానికి అక్కరలేదు. ఏ ఆకారంలోనైనా సరే, రెండు డిటెక్టర్లలో ఒకేసారి, ఒకదానితో ఒకటి పొసగే విధంగా అదనపు శక్తి కనిపించిందా అన్నదే అది చూస్తుంది.

పని జరిగే తీరు స్థూలంగా ఇది. డిటెక్టర్ నుంచి వచ్చే డేటాలో తక్కువ పౌనఃపున్యాల వద్ద రొద విపరీతంగా ఉంటుంది. అమెరికా కరెంటు వల్ల 60 హెర్ట్జ్ దగ్గర ఒక గీత, అద్దాలను వేలాడదీసిన గాజు తీగల కంపనం వల్ల 500 హెర్ట్జ్ ప్రాంతంలో మరికొన్ని గీతలు ఉంటాయి. ముందుగా ఒక్కొక్క పౌనఃపున్యం వద్ద ఉన్న రొద స్థాయితో డేటాను భాగించి అంతటా సమం చేస్తారు, దీనినే వైటెనింగ్ అంటారు. తరువాత వేవ్‌లెట్లు అనే చిట్టి తరంగాల సాయంతో డేటాను కాలం ఒక వైపు, పౌనఃపున్యం మరొక వైపు ఉండే చిన్న చిన్న గడులుగా విడగొడతారు. రొద మాత్రమే ఉంటే ఒక గడిలో ఎంత శక్తి ఉండాలో తెలుసు కనుక, అంతకు బాగా మించిన గడులను ఏరి, పక్కపక్కన ఉన్నవాటిని గుంపులు కడతారు. ఆ గుంపు ఒక డిటెక్టర్‌లోనే ఉందా, రెండింటిలోనూ ఒకే రూపంలో ఉందా అన్న పరీక్ష ఆ తరువాతిది, అసలైనదీ అదే.

లైగో డిటెక్టర్లు రెండు, అమెరికాలోని హాన్‌ఫర్డ్‌లో ఒకటి, లివింగ్‌స్టన్‌లో ఒకటి. వాటి మధ్య దూరం సుమారు 3,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో వచ్చే తరంగం ఒకదానిని తాకాక 10 మిల్లీసెకన్లలోపు రెండవదానిని తాకి తీరాలి. 2015లో అది ముందు లివింగ్‌స్టన్‌ను, 7 మిల్లీసెకన్ల తరువాత హాన్‌ఫర్డ్‌ను తాకింది. అప్పటి స్ట్రెయిన్ (పొడవులో వచ్చిన మార్పును పొడవుతో భాగించినది) 10⁻²¹ స్థాయిలో ఉన్నది, అంటే 4 కిలోమీటర్ల భుజం పొడవులో వచ్చిన మార్పు 4×10⁻¹⁸ మీటర్లు, ప్రోటాన్ వ్యాసంలో దాదాపు 400వ వంతు. ఇంత సూక్ష్మమైన మార్పును వెతికేటప్పుడు సంకేతం గురించి కన్నా రొద గురించే మీరు ఎక్కువ చదవవలసి వస్తుంది. ప్రాజెక్టు మొదలుపెట్టే ముందే ఈ సంగతికి సిద్ధపడండి.

రాజాం_కోడ్ (రాజాం, ప్రస్తుతం విశాఖపట్నం)

ల్యాప్‌టాప్ విషయం నేను చెబుతాను. గురుత్వ తరంగాల బహిరంగ డేటా కేంద్రం లైగో డేటాను, ఇటలీలోని వర్గో డిటెక్టర్ డేటాను ఉచితంగా ఇస్తున్నది. సెకనుకు 4,096 నమూనాల చొప్పున, 4,096 సెకన్ల నిడివి గల ఒక ఫైలులో దాదాపు కోటీ 68 లక్షల సంఖ్యలుంటాయి. కుదించకముందు అది సుమారు 134 మెగాబైట్లు. పైథాన్‌లో ‘జీడబ్ల్యూపై’ అనే లైబ్రరీ ఉన్నది, వైటెనింగ్‌నూ, ఏ క్షణాన ఏ పౌనఃపున్యం వద్ద ఎంత శక్తి ఉన్నదో చూపే క్యూ-ట్రాన్స్‌ఫామ్ బొమ్మనూ అది రెండు మూడు వరుసలలో ఇచ్చేస్తుంది. కరెంటు పోయినా పని ఆగకూడదనుకుంటే గూగుల్ కొలాబ్‌లో నడపండి, కాని అది కూడా మీరు చాలాసేపు ముట్టుకోకపోతే సెషన్‌ను మూసేస్తుంది కనుక మధ్యమధ్య ఫలితాలను భద్రపరచుకోండి.

10 మిల్లీసెకన్లంటే ఈ డేటాలో 41 నమూనాలు మాత్రమే. కాబట్టి ఫిల్టరు వేసినప్పుడు కాలంలో జరుగుడు రాకుండా, ముందుకూ వెనుకకూ రెండుసార్లు నడిపే పద్ధతినే వాడండి. రెండు డిటెక్టర్లకు వేరువేరు ఫిల్టర్లు వేసి, ఆ తరువాత వాటి ఆలస్యాన్ని కొలిచేవారిని చూశాను. అలా కొలిచినదాంట్లో తరంగం ఆలస్యమెంతో, ఫిల్టరు ఆలస్యమెంతో విడదీయలేము.

డేటాతోపాటు వచ్చే నాణ్యత సూచికలను చదవకుండా ముందుకు వెళ్లవద్దు. డిటెక్టర్ ఏ సెకనులో సరిగ్గా పనిచేసిందో, ఏ సెకనులో శాస్త్రవేత్తలే అద్దాలను కదిపి కృత్రిమ సంకేతాన్ని చొప్పించారో అందులో ఉంటుంది. 2010 సెప్టెంబరు 16న వచ్చిన ఒక గొప్ప సంకేతం గురించి వ్యాసం కూడా రాసి సిద్ధం చేశాక, అది పరీక్ష కోసం రహస్యంగా చొప్పించినదని 2011 మార్చిలో కవరు విప్పి చెప్పారు. మీకు ఆ కష్టం లేదు, సూచికలు చూస్తే చాలు.

బొబ్బిలి_వాసి (బొబ్బిలి)

పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక అభ్యంతరం చెబుతాను. రెండు చోట్ల 10 మిల్లీసెకన్లలోపు కనిపించడాన్నే రుజువుగా తీసుకుంటే, జోసెఫ్ వెబర్ 1969లోనే గురుత్వ తరంగాలను కనిపెట్టినట్లు ఒప్పుకోవాలి. మేరీలాండ్‌లో ఒకటి, వెయ్యి కిలోమీటర్ల దూరంలో చికాగో దగ్గర ఆర్గాన్‌లో ఒకటి అల్యూమినియం స్తూపాలు పెట్టి, 1,660 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకేసారి మోగుతున్నాయని ఆయన ప్రకటించారు. ఇతరులు అదే పని చేస్తే ఎవరికీ ఏమీ కనిపించలేదు. తరువాత రోచెస్టర్‌లోని వేరొకరి డిటెక్టర్‌తోనూ తన డేటా కలుస్తున్నదని ఆయన చెప్పగా, ఆ రెండు గడియారాల మధ్య నాలుగు గంటల తేడా ఉన్నట్లు తేలింది. నాలుగు గంటల తేడాతో కూడా ‘ఒకేసారి’ కనిపించాయంటే, మనిషి ఏది కావాలనుకుంటే డేటాలో అది దొరుకుతుందన్నమాట. టెంప్లేటు ఉన్న వెతుకులాటలో కనీసం ఐన్‌స్టీన్ సమీకరణం అడ్డుకట్టగా ఉంటుంది. ఏ ఆకారమైనా ఫరవాలేదన్నచోట అడ్డుకట్ట ఏది?

గంటస్తంభం (విజయనగరం)

మంచి అభ్యంతరం. సంఖ్యలతోనే చూద్దాం.

డిటెక్టర్‌లోనో దాని పరిసరాల్లోనో పుట్టే క్షణకాలపు రొదలను గ్లిచ్‌లు అంటారు. వాటిలో బ్లిప్ అనేవి సెకనులో వందో వంతు స్థాయిలో వచ్చి పోతాయి, చాలావాటికి కారణం నేటికీ తెలియదు. ఒక్కొక్క డిటెక్టర్‌లో గంటకు రెండు చొప్పున వస్తున్నాయనుకుందాం. లైగో తొలి పరిశీలనల కాలంలో వాటి రాక దాదాపు ఈ స్థాయిలోనే ఉండేది. ఒకటి ముందు రావచ్చు, రెండవది ముందు రావచ్చు కనుక మన కిటికీ మొత్తం 20 మిల్లీసెకన్లు. రెండింటిలో యాదృచ్ఛికంగా ఒకేసారి పడే రేటు గంటకు 2×2×(0.02/3,600), అంటే సుమారు 45,000 గంటలకు ఒకసారి, ఐదేళ్లకు ఒకటి. ఇది బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. కాని బలహీనమైన సంకేతాల కోసం హద్దు తగ్గించి, ఒక్కొక్క డిటెక్టర్‌లో నిమిషానికి ఒక ట్రిగ్గరు, అంటే హద్దు దాటిన గుంపు, వచ్చేటట్లు పెడితే, అదే లెక్క 50 గంటలకు ఒకటిగా మారుతుంది. రెండు రోజులకొక దొంగ సంకేతం! కాబట్టి ఏకకాలికత ఒక్కటే చాలదన్న మీ మాట నిజం. అందుకే రెండు తరంగ రూపాలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో, పొసగకుండా మిగిలిన శక్తి ఎంతో విడదీసి, మిగులు ఎక్కువైతే మార్కులు తగ్గించే కొలత వాడతారు.

అయినా ఆ కొలత ఎంత దాటితే నమ్మాలన్న ప్రశ్న మిగులుతుంది. నేను పైన వేసినది కాగితం మీది లెక్క. అసలు గ్లిచ్‌లు అలా క్రమంగా రావు, గాలి వీచిన రోజు గుంపులుగా వస్తాయి. అందుకని నేపథ్యాన్ని, అంటే యాదృచ్ఛికంగా కలిసేవి ఎన్ని వస్తాయన్నదాన్ని, డేటా నుంచే కొలుస్తారు. శ్రీకాకుళంలో ఒకరు, విజయనగరంలో ఒకరు తమ ఇళ్లలో కరెంటు పోయిన వేళలను పుస్తకంలో రాసుకున్నారనుకోండి. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెడితే కొన్ని వేళలు కలుస్తాయి. ఇప్పుడు ఒక పుస్తకాన్ని ఒక రోజు ముందుకు జరిపి మళ్లీ పోల్చండి: పెద్ద లైను దెబ్బతిన్నందువల్ల కలిసినవి విడిపోతాయి, అప్పుడు కూడా కలిసేవన్నీ యాదృచ్ఛికమే. రెండు రోజులు జరపండి, మూడు రోజులు జరపండి, ప్రతి జరుపుకూ ఒక కొత్త యాదృచ్ఛిక నమూనా దొరుకుతుంది. లైగోలో ఈ జరుపు 10 మిల్లీసెకన్ల కన్నా బాగా పెద్దదిగా ఉండాలన్నది ఒక్కటే షరతు.

2015లో రెండు డిటెక్టర్లూ కలిసి పనిచేసిన 16 రోజుల డేటాను ఇలా జరిపి జరిపి, బర్స్ట్ వెతుకులాటకు 67,400 సంవత్సరాలకు సమానమైన నేపథ్యాన్ని తయారుచేశారు. 16 రోజులతో భాగిస్తే అది 15 లక్షలకు పైగా జరుపులకు సమానం. ఆ సంకేతంలా కాలంతోపాటు పౌనఃపున్యం పెరిగే ఘటనల తరగతిలో అంతటి బలమైన యాదృచ్ఛిక ఘటన ఒక్కటి కూడా రాలేదు. మీరడిగిన అడ్డుకట్ట ఇదే. ఇంకొక మాట, కాలాన్ని జరిపి నేపథ్యాన్ని కొలిచే ఉపాయం వెబర్ కూడా వాడినదే. ఉపాయంలో లోపం లేదు. హద్దులను ఎవరు, ఎప్పుడు, ఫలితం చూడకముందా చూశాకా నిర్ణయించారన్న దగ్గర గొడవ వచ్చింది.

కళింగపట్నం_తీరం (గార మండలం)

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. తరగతి లేని వేళల్లో ‘గ్రావిటీ స్పై’లో గ్లిచ్‌ల బొమ్మలను వర్గీకరిస్తుంటాను, 2016లో మొదలైన ఈ పనిలో ఎవరైనా చేరవచ్చు. వంశధార గారికి నా సలహా ఏమిటంటే, కోడ్ రాయడానికి ముందు కొన్ని వందల బొమ్మలు కంటితో చూడండి. బ్లిప్ అయితే సన్నని కన్నీటి బొట్టులా నిలువుగా ఉంటుంది. విజిల్ అయితే పౌనఃపున్యం దిగి మళ్లీ పైకి లేస్తుంది. చెదిరిన కాంతి వల్ల వచ్చేవి ఒకదాని మీద ఒకటి వంగిన తోరణాల్లా, తక్కువ పౌనఃపున్యాల దగ్గర కనబడతాయి.

ఈ తోరణాలకు మూలం చాలాసార్లు సముద్రమే. దూరాన అలలు ఎగసినప్పుడు నేల 0.1 నుంచి 0.3 హెర్ట్జ్ మధ్య మెల్లగా ఊగుతుంది. ఆ ఊపుకు డిటెక్టర్‌లోని ఏదో ఒక ఉపరితలం మీద పడి చెదిరిన కాంతి తిరిగి ప్రధాన కిరణంలో కలిసి, తాను కదిలిన వేగాన్ని బట్టి పెద్ద పౌనఃపున్యంగా మారి కనిపిస్తుంది. నేల ఊగేది మూడు నుంచి పది సెకన్లకోసారైతే, గ్లిచ్ పడేది మాత్రం పదుల హెర్ట్జ్‌ల దగ్గర. తిత్లీ తుపాను రాత్రి మా ఇంటి గోడకు చెవి ఆన్చి విన్న హోరు నాకింకా గుర్తుంది కనుక, ఈ విషయం చదివినప్పుడు ఏమాత్రం ఆశ్చర్యం కలగలేదు. మన దేశపు లైగోకు సముద్రానికి దూరంగా మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో చోటు చూడడం కూడా సబబుగానే తోచింది.

అన్నిటికన్నా నాకు నచ్చినది హాన్‌ఫర్డ్ కాకుల కథ. ద్రవ నైట్రోజన్‌కు సంబంధించిన గొట్టం మీద మంచు పేరుకుంటే, దాహం వేసిన బొంతకాకులు దానిని పొడిచేవి. ఆ దెబ్బలు డేటాలో క్షణకాలపు గ్లిచ్‌లుగా పడ్డాయి. గొట్టం మీద ముక్కు గుర్తులు చూసి, ఒక శాస్త్రవేత్త తానే అక్కడ తట్టి చూసి నిర్ధారించారు. లివింగ్‌స్టన్‌కైతే దగ్గరలో రైళ్లు, చెట్లు నరికే యంత్రాలు. అక్కడ మైకులు, భూకంప మాపకాలు, అయస్కాంత మాపకాలు ఎన్నో ఎందుకు పెట్టారంటే, ప్రధాన డేటాలో ఏదైనా కనిపించిన క్షణాన వీటిలో ఏది అదిరిందో చూడడానికే.

వంశధార (శ్రీకాకుళం)

మాస్టారూ, అందరికీ ధన్యవాదాలు. ఇంతవరకు అర్థమైంది, కాని ఇక్కడే పెద్ద చిక్కు కనిపిస్తున్నది. మీ మాటలను బట్టి, బ్లిప్ ఆకారంలో ఉన్నవాటిని గ్లిచ్‌లుగా పక్కన పెట్టాలన్నమాట. ప్రకృతిలో నిజంగానే బ్లిప్ ఆకారపు తరంగం ఉంటే, ఉదాహరణకు కాస్మిక్ స్ట్రింగ్ (విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలి ఉండవచ్చని ఊహించే సన్నని తంతువు) నుంచి గాని ఒక సూపర్‌నోవా (తార పేలుడు) నుంచి గాని అలాంటిదే వస్తే, దానిని కూడా చెత్తతోపాటు ఊడ్చేసినట్లే కదా? అప్పుడు ‘ఏ ఆకారమైనా’ అన్న మాటకు అర్థం ఏమున్నది?

గంటస్తంభం (విజయనగరం)

అమ్మా, ఈ ప్రశ్న మీద మీ ప్రాజెక్టు మొత్తం నిలబెట్టవచ్చు.

ఊడ్చేయరు; వేరే తరగతిలో కూర్చోబెడతారు. 2015 విశ్లేషణలో ఘటనలను మూడు తరగతులు చేశారు. తెలిసిన గ్లిచ్‌ల ఆకారం గలవి మొదటి తరగతి. కాలంతోపాటు పౌనఃపున్యం పెరిగేవి మూడవ తరగతి. మిగిలినవన్నీ రెండవ తరగతి. ప్రతి తరగతిని దాని నేపథ్యంతోనే పోలుస్తారు. మొదటి తరగతి గ్లిచ్‌లతో కిక్కిరిసి ఉంటుంది కనుక అక్కడి సంకేతం ఎంతో బలంగా ఉంటే తప్ప పైకి తేలదు. మూడవది దాదాపు ఖాళీ. మన సంకేతం 0.2 సెకన్లలో 35 నుంచి 250 హెర్ట్జ్ వరకు ఎక్కింది కనుక ఈ ఖాళీ తరగతిలో పడింది. తరగతులు మూడు కనుక 67,400ను మూడుతో భాగించి, అలాంటిది యాదృచ్ఛికంగా వచ్చేది 22,500 సంవత్సరాలకు ఒకటి కన్నా తక్కువ అన్నారు, అంటే 4.6 సిగ్మాకు పైగా (సిగ్మా పెరిగినకొద్దీ అది యాదృచ్ఛికం కాదన్న నమ్మకం పెరుగుతుంది). రెండు, మూడు తరగతులను కలిపేసి ఉంటే అది 4.4 సిగ్మాకు దిగేది. టెంప్లేట్ల వెతుకులాట దానికే 5.1 సిగ్మాకు పైగా ఇచ్చింది.

చూశారా, ‘ఏ ఆకారమైనా’ అనే వెతుకులాటలోకి కూడా ఆకారం మీద పక్షపాతం పక్క ద్వారం నుంచి ప్రవేశించింది. నా దృష్టిలో అది తప్పు కాదు, కాని దాచవలసినదీ కాదు. ఏ ఆకారానికి ఎంత చూపు ఉన్నదో కొలిచి చెప్పడమే నిజాయితీ. అందుకే సైన్-గాసియన్ తరంగాలను, అంటే పెరిగి మళ్లీ అణిగిపోయే చిన్న అలలను, వేరువేరు పౌనఃపున్యాలతో, వేరువేరు నిడివులతో డేటాలో కలిపి, ఎంత బలం ఉంటే సగం దొరుకుతున్నాయో గీత గీస్తారు. మీరు కూడా కొద్దిపాటి ఆవృత్తులే ఉండే బ్లిప్ లాంటి తరంగాన్ని, ఎక్కువ ఆవృత్తులు ఉండే తరంగాన్ని విడివిడిగా కలిపి చూడండి. మీ ప్రశ్నకు జవాబు ఆ రెండు గీతల మధ్య ఎడంలోనే ఉంటుంది.

బొబ్బిలి వారు టెంప్లేట్లను మెచ్చుకున్నారు కనుక ఇంకొక ఉదాహరణ. 2019 మే 21 నాటి సంకేతం 0.1 సెకను మాత్రమే, నాలుగు ఆవృత్తులు మాత్రమే ఉన్నది, ఎందుకంటే విలీనం తరువాత మిగిలిన కృష్ణబిలం 142 సూర్య ద్రవ్యరాశులంత భారీది, విలీనానికి ముందటి భాగమంతా డిటెక్టర్ వినలేని తక్కువ పౌనఃపున్యాల్లో గడిచిపోయింది. అలాంటిది యాదృచ్ఛికంగా వచ్చేది టెంప్లేటు లేని వెతుకులాట 4,900 సంవత్సరాలకు ఒకటి కన్నా తక్కువ అని చెబితే, టెంప్లేట్ల ప్రోగ్రాముల్లో ఒకటి 829 సంవత్సరాలకు ఒకటి అన్నది, ఇంకొకటి ఏడాదికి ఒకటి స్థాయిలోనే ఆగిపోయింది. నమూనాల సంచిలో సరైన నమూనా లేకపోతే ఐన్‌స్టీన్ సమీకరణం కూడా ఆదుకోలేదు.

బొబ్బిలి_వాసి (బొబ్బిలి)

ఆ ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటాను. అయినా అది కూడా చివరికి జంట కృష్ణబిలమే అయింది. విలీనాలు కాని బర్స్ట్, అంటే సూపర్‌నోవా గాని మాగ్నెటార్ (అతి బలమైన అయస్కాంత క్షేత్రం గల న్యూట్రాన్ తార) గాని, ఇంతవరకు ఒక్కటైనా నిర్ధారణ కాలేదు కదా.

కళింగపట్నం_తీరం (గార మండలం)

కాలేదు. కాని ఎందుకు కాలేదో కూడా చూడాలి. సూపర్‌నోవాలో తార గర్భం కూలినా, కూలడం గుండ్రంగా జరిగితే తరంగం రాదు. అసమానంగా కదిలిన భాగం మాత్రమే తరంగాన్ని పుట్టిస్తుంది. అందుచేత నేటి డిటెక్టర్లకు అందేది ప్రధానంగా మన పాలపుంతలో జరిగేదే, అది శతాబ్దానికి రెండు మూడుకు మించదు. 2023 మేలో ఎం101 నక్షత్రవీధిలో తార పేలినప్పుడు, డిటెక్టర్లు నడుస్తున్న వేళల మేరకు వెతికారు, ఏమీ దొరకలేదు. అది రెండు కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరం.

దగ్గరలో పేలితే మాత్రం మీరు చెప్పిన అడ్డుకట్ట ఇంకొకటి దొరుకుతుంది. 1987 ఫిబ్రవరి 23న మన పొరుగు నక్షత్రవీధి అయిన పెద్ద మెగెల్లానిక్ మేఘంలో తార పేలినప్పుడు, వెలుగు కనబడడానికి కొన్ని గంటల ముందే జపాన్‌లోని కామియోకాండే, అమెరికాలోని ఐఎంబీ అనే డిటెక్టర్లు కలిసి ఇరవైకి అటూ ఇటూగా న్యూట్రినోలనే అతి తేలికైన కణాలను పదమూడు సెకన్లలోపు పట్టాయి. ఈనాడు అలాంటిదే జరిగితే, ఏడాది డేటా అంతా గాలించనక్కరలేదు. న్యూట్రినోలు చెప్పిన కొన్ని సెకన్లలో మాత్రమే వెతికితే చాలు. వెతికే కాలం తగ్గినకొద్దీ యాదృచ్ఛికంగా గ్లిచ్ పడే అవకాశం తగ్గుతుంది, కాబట్టి బలహీనమైన సంకేతాన్ని కూడా నమ్మవచ్చు.

వంశధార (శ్రీకాకుళం)

ఇప్పుడు నా ప్రణాళిక ఇలా మారింది. హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ రెండూ నడిచిన ఒక 4,096 సెకన్ల ఫైలును తీసుకుని, ట్రిగ్గర్లు తీసి, కాలాన్ని ఒక్కొక్క సెకను జరుపుతూ నేపథ్యాన్ని కట్టి, ఆ పైన గంటస్తంభం గారు చెప్పిన రెండు రకాల తరంగాలను కలిపి చూస్తాను. ఫైలు చివర దాటిన భాగాన్ని మళ్లీ మొదటికి చుట్టి తెస్తాను. ఒక్క ఫైలు చాలుతుందా?

రాజాం_కోడ్ (రాజాం, ప్రస్తుతం విశాఖపట్నం)

ఎంఎస్సీ ప్రాజెక్టుకు చాలుతుంది, హద్దు మాత్రం తెలుసుకోండి. ఒక సెకను చొప్పున చుట్టితే 4,095 జరుపులు వస్తాయి, మొత్తం నేపథ్యం సుమారు 194 రోజులు. అంటే మీ ఫైలులో ఎంత గొప్ప ఘటన కనిపించినా, దాని యాదృచ్ఛిక సంభావ్యత 4,095లో ఒకటి కన్నా తక్కువ అని మాత్రమే అనగలరు. అది సుమారు 3.5 సిగ్మా. పైగా అన్ని జరుపుల్లోనూ తిరిగేవి అవే గ్లిచ్‌లు. హాన్‌ఫర్డ్‌లో ఒకే ఒక్క భారీ గ్లిచ్ ఉంటే, అది లివింగ్‌స్టన్‌లోని ప్రతి చిన్న గ్లిచ్‌తోనూ జతకట్టి నేపథ్యపు తోకను, అంటే అతి బలమైన ఘటనల కొసను, మొత్తం ఆక్రమిస్తుంది. అలాంటిది ఉన్నదా లేదా అని ముందే చూసుకోండి.

గంటస్తంభం (విజయనగరం)

రెండు ఫైళ్లు తీసుకోండి అమ్మా. ఒకదాని మీద హద్దులన్నీ సరిచేసుకోండి, ఏ గడిని ఉంచాలో, పొసగుడు ఎంత ఉండాలో, ఏ పౌనఃపున్యాలను వదిలేయాలో అన్నీ. అవి కాగితం మీద రాసి, తేదీ వేసి, మీ గైడు గారి సంతకం తీసుకోండి. రెండవ ఫైలులో జరిపిన ఫలితాలను మాత్రమే చూడండి. జరపని ఫలితాన్ని, అంటే రెండు డిటెక్టర్లనూ అసలు కాలంలోనే పోల్చినదాన్ని, ఆ సంతకం పడ్డాకనే ఒక్కసారి నడపండి. ఏమీ రాకపోతే, అత్యధిక సంభావ్యత ఏమీ రాకపోవడానికే ఉన్నది, ఆ రెండు గీతలనూ ఫలితంగా ఇవ్వండి.

ఫైలును ఎంచుకునేటప్పుడు నాణ్యత సూచికలతోపాటు ప్రకటించిన ఘటనల పట్టికను కూడా దగ్గర పెట్టుకోండి. నేపథ్యం కట్టే గంటలో నిజమైన విలీనం ఉంటే, అది కూడా గ్లిచ్‌లతో జతకట్టి మీ నేపథ్యాన్ని పెంచేస్తుంది.